మార్క్ ప్రయర్

మార్క్ విలియం ప్రయర్ (జననం: 1980 సెప్టెంబరు 7) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన మాజీ బేస్‌బాల్ క్రీడాకారుడు, శిక్షకుడు. కుడిచేతి వాటం పిచర్ అయిన ఇతడు 2002 నుండి 2006 వరకు మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో షికాగో కబ్స్ జట్టు తరఫున ఆడాడు. కళాశాల దశలోనే అమెరికా అంతటా పేరుగాంచిన ప్రయర్ తన 22వ ఏట, 2003లో, ఆ దేశపు అత్యుత్తమ పిచర్లలో ఒకడిగా గుర్తింపు పొందాడు. కానీ ఆ మరుసటి సంవత్సరం నుండి కాలు, మోచేయి, భుజాలకు వరుసగా తగిలిన గాయాల వలన ఇతని క్రీడాజీవితం కుంటుపడింది. 2006 ఆగస్టు 10 తరువాత మేజర్ లీగ్‌లో మరొక ఆట ఆడలేకపోయాడు. అప్పటికి ఇతని వయసు 25 సంవత్సరాలు మాత్రమే. తిరిగి రావడానికి ఏడేళ్ళపాటు ప్రయత్నించి 2013 డిసెంబరులో విరమణ ప్రకటించాడు. 2020 నుండి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టుకు పిచింగ్ శిక్షకుడిగా పనిచేస్తూ, ఆ జట్టు 2020, 2024, 2025 సంవత్సరాలలో సాధించిన వరల్డ్ సిరీస్ విజయాలలో పాలుపంచుకున్నాడు.

పిచర్ పాత్ర

బేస్‌బాల్‌లో పిచర్‌ది క్రికెట్‌లోని బౌలర్ వంటి స్థానం. మైదానం నడుమ కొద్దిగా ఎత్తుగా ఉండే మౌండ్ అనే మట్టిదిబ్బపై నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న హోమ్ ప్లేట్ వైపు బంతి విసురుతాడు. క్రికెట్ బౌలర్ వలె ఇతనికి పరుగెత్తుకుంటూ వచ్చే వీలు లేదు. ఒక్క అడుగు ముందుకు వేసి, కాళ్ళు, నడుము, మొండెం నుండి పుట్టే బలాన్నంతా భుజం, మోచేయిల ద్వారా బంతికి అందించాలి. బంతి నేలను తాకకుండా నేరుగా బ్యాటర్‌ను చేరుతుంది. మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను ఔట్ చేయడాన్ని స్ట్రైకౌట్ అంటారు. నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితంగా లభిస్తుంది. దీనిని వాక్ అంటారు.

ఫీల్డర్ల పొరపాట్లతో సంబంధం లేకుండా పిచర్ ఇచ్చిన పరుగులను తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సగటు కట్టగా వచ్చే సంఖ్యను ఈ.ఆర్.ఎ. అంటారు. ఇది ఎంత తక్కువైతే పిచర్ అంత మేటి. ఆట ఫలితాన్ని బట్టి పిచర్ పేరున విజయం లేదా పరాజయం నమోదవుతుంది. ఆటను ఆరంభించే పిచర్లు ఒక్కో జట్టులో సాధారణంగా ఐదుగురు ఉంటారు. వీరు వంతులవారీగా, నాలుగైదు రోజుల విశ్రాంతి తరువాత ఒక్కో ఆట ఆడతారు. ఒక ఆటలో పిచర్ విసిరిన బంతుల సంఖ్యను జట్టు యాజమాన్యాలు జాగ్రత్తగా లెక్కిస్తాయి. ప్రయర్ గురించి జరిగిన చర్చలో ఈ లెక్కకు ముఖ్యమైన స్థానం ఉంది.

బాల్యం, విద్య

ప్రయర్ 1980 సెప్టెంబరు 7న కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ డియేగో నగరంలో జన్మించాడు. యూనివర్సిటీ ఆఫ్ శాన్ డియేగో హైస్కూలులో చదువుకున్నాడు. 1998లో న్యూయార్క్ యాంకీస్ జట్టు ఇతనిని డ్రాఫ్టులో ఎంపిక చేసుకున్నది. కొత్త క్రీడాకారులను జట్లు వంతులవారీగా ఎంచుకునే వార్షిక కార్యక్రమాన్ని డ్రాఫ్ట్ అంటారు. ప్రయర్ ఆ జట్టుతో ఒప్పందం చేసుకోక, ఉన్నత విద్యకే మొగ్గు చూపాడు. టెనెస్సీ రాష్ట్రంలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఒక సంవత్సరం చదివి, పిదప లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మారాడు.

2001లో ఆ విశ్వవిద్యాలయం తరఫున 15 విజయాలు సాధించి, ఒక్క ఆటలో మాత్రమే ఓడిపోయాడు. ఆ సంవత్సరం ఇతని ఈ.ఆర్.ఎ. 1.69. 138⅔ ఇన్నింగ్స్‌లలో 202 స్ట్రైకౌట్లు సాధించి, కేవలం 18 వాక్‌లు ఇచ్చాడు. వేగానికీ గురికీ ఒకే పిచర్‌లో ఇంతటి పొందిక కుదరడం అరుదు. అమెరికా కళాశాలల స్థాయిలో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే గోల్డెన్ స్పైక్స్ పురస్కారం ఆ ఏడాది ఇతనికి లభించింది. అప్పటి వరకు కళాశాలల్లో ఆడిన పిచర్లలో ఇతడే అగ్రగణ్యుడని పలువురు నిపుణులు భావించారు.

డ్రాఫ్ట్, ఒప్పందం

2001 డ్రాఫ్టులో మొదటి ఎంపిక హక్కు మిన్నెసోటా ట్విన్స్ జట్టుకు దక్కింది. ఆ జట్టు తమ రాష్ట్రానికే చెందిన, పాఠశాల విద్య అప్పుడే ముగించిన జో మావర్ అనే క్యాచర్‌ను ఎంచుకున్నది. రెండవ ఎంపికగా ప్రయర్‌ను షికాగో కబ్స్ తీసుకున్నది. 2001 ఆగస్టులో కుదిరిన ఒప్పందం విలువ 1 కోటి 5 లక్షల డాలర్లు. డ్రాఫ్టులో ఎంపికైన ఆటగాడికి అంతవరకు అంత పెద్ద ఒప్పందం దక్కలేదు. 2009లో శాన్ డియేగోకే చెందిన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ వాషింగ్టన్ నేషనల్స్ జట్టుతో చేసుకున్న ఒప్పందం ఈ రికార్డును అధిగమించింది.

ప్రయర్‌కు బదులు మావర్‌ను ఎంచుకోవడం పొరపాటని అప్పట్లో ట్విన్స్ జట్టుపై విమర్శలు వచ్చాయి. మావర్ ఆ తరువాత 15 సీజన్లు అదే జట్టుకు ఆడి, 2024లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందాడు.

షికాగో కబ్స్‌లో ఆరంభం

2002లో ప్రయర్ మైనర్ లీగ్ స్థాయిలో కొద్ది వారాలు మాత్రమే ఆడాడు. 2002 మే 22న పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో జరిగిన ఆటలో మేజర్ లీగ్‌లో తొలిసారిగా బరిలోకి దిగి, ఆరు ఇన్నింగ్స్‌లలో 10 స్ట్రైకౌట్లు సాధించి విజయం నమోదు చేశాడు. ఆ సంవత్సరం 19 ఆటలలో 6 విజయాలు, 6 పరాజయాలు, 3.32 ఈ.ఆర్.ఎ., 147 స్ట్రైకౌట్లు ఇతని ఖాతాలో చేరాయి.

ఆరు అడుగుల ఐదు అంగుళాల ఎత్తు, దృఢమైన కాళ్ళు కలిగిన ప్రయర్‌కు వేగవంతమైన ఫాస్ట్‌బాల్, పదునుగా వంపు తిరిగే కర్వ్‌బాల్ ప్రధాన ఆయుధాలు. మాజీ పిచర్ టామ్ హౌస్ వద్ద శిక్షణ పొందిన ఇతని విసిరే తీరు లోపరహితమైనదని, శరీరంపై ఒత్తిడి తక్కువగా ఉంచుతుందని అప్పట్లో విస్తృతంగా ప్రశంసలు వచ్చాయి. మిగిలిన పిచర్లు గాయపడినా ప్రయర్ గాయపడడన్న నమ్మకం ఈ ప్రశంసల నుండే పుట్టింది.

2003 సీజన్

2003 ప్రయర్ క్రీడాజీవితంలో శిఖరం వంటి సంవత్సరం. 30 ఆటలలో 18 విజయాలు, 6 పరాజయాలు, 2.43 ఈ.ఆర్.ఎ. సాధించాడు. 211⅓ ఇన్నింగ్స్‌లలో 245 స్ట్రైకౌట్లు చేసి, 50 వాక్‌లు మాత్రమే ఇచ్చాడు. అదే జట్టులోని కెర్రీ వుడ్ ఆ ఏడాది 266 స్ట్రైకౌట్లు చేశాడు. ఈ యువ జంట రానున్న పదేళ్ళు కబ్స్ జట్టును నిలబెడుతుందని అభిమానులు ఆశించారు. నేషనల్ లీగ్‌లో అత్యుత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారపు ఓటింగులో ప్రయర్ మూడవ స్థానంలో నిలిచాడు.

ఆ సీజన్‌లోనే మొదటి ప్రమాదం జరిగింది. జూలై 11న అట్లాంటా బ్రేవ్స్‌తో ఆడుతుండగా బేస్‌ల మధ్య పరుగెత్తుతున్న ప్రయర్, ప్రత్యర్థి ఆటగాడు మార్కస్ గైల్స్‌ను ఢీకొని కుడి భుజంపై పడ్డాడు. ఆ కారణంగా తాను ఎంపికైన ఆల్-స్టార్ ఆటకు దూరమయ్యాడు. ఆగస్టు మొదటి వారంలో తిరిగివచ్చి, మిగిలిన 11 ఆటలలో 10 విజయాలు, ఒకే పరాజయంతో 1.52 ఈ.ఆర్.ఎ. నమోదు చేశాడు. కబ్స్ జట్టు నేషనల్ లీగ్ మధ్య విభాగంలో అగ్రస్థానం పొందడానికి ఈ ప్రదర్శన ముఖ్య కారణం.

ఆ విభాగం కోసం పోటీ చివరి వారం వరకు సాగినందున, మేనేజర్ డస్టీ బేకర్ ప్రయర్‌ను ఎక్కువసేపు మౌండ్‌పై ఉంచాడు. సెప్టెంబరులో ఆడిన ఆరు ఆటలలో ఇతడు వరుసగా 131, 129, 109, 124, 131, 133 బంతులు విసిరాడు. అంటే ఆటకు సగటున 126 బంతులు.

అక్టోబరులో జరిగిన తొలి ప్లేఆఫ్ సిరీస్ మూడవ ఆటలో అట్లాంటా బ్రేవ్స్‌పై తొమ్మిది ఇన్నింగ్స్‌లూ తానే ఆడి, రెండు హిట్లు మాత్రమే ఇచ్చి జట్టును 3-1 తేడాతో గెలిపించాడు. ఆ రోజు 133 బంతులు విసిరాడు. కబ్స్ ఆ సిరీస్ గెలుచుకున్నది. ప్లేఆఫ్ సిరీస్ గెలవడం ఆ జట్టుకు 1908 తరువాత అదే మొదటిసారి. తరువాత ఫ్లోరిడా మార్లిన్స్‌తో జరిగిన నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ రెండవ ఆటలో జట్టు భారీ ఆధిక్యంలో ఉన్నప్పటికీ, ప్రయర్ ఏడు ఇన్నింగ్స్‌లపాటు 116 బంతులు విసిరాడు.

2003 అక్టోబరు 14

ఛాంపియన్‌షిప్ సిరీస్ ఆరవ ఆట షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో 2003 అక్టోబరు 14న జరిగింది. అప్పటికి సిరీస్‌లో కబ్స్ 3-2 ఆధిక్యంలో ఉన్నది. 1945 తరువాత ఆ జట్టు వరల్డ్ సిరీస్‌కు చేరలేదు. ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో ఒక బ్యాటర్ ఔటయ్యే సమయానికి ప్రయర్ బౌలింగ్‌లో కబ్స్ 3-0తో ముందంజలో ఉన్నది. మరో ఐదుగురిని ఔట్ చేస్తే 58 ఏళ్ళ నిరీక్షణ ముగిసేది.

ఆ దశలో లూయిస్ కాస్టిల్లో కొట్టిన బంతి ఎడమవైపు ప్రేక్షకుల గోడ దగ్గరకు ఎగిరింది. ఫీల్డర్ మోయిసెస్ అలూ దానిని పట్టుకోబోతుండగా, కొందరు ప్రేక్షకులు చేతులు చాచడంతో క్యాచ్ తప్పింది. ఆ ఇన్నింగ్స్ అంతా కలిసి మార్లిన్స్ ఎనిమిది పరుగులు చేసి 8-3తో గెలిచింది. కాస్టిల్లోకు ప్రయర్ వాక్ ఇవ్వడం, ఇవాన్ రోడ్రిగెజ్ హిట్ కొట్టడం, మిగెల్ కాబ్రెరా కొట్టిన సులువైన బంతిని షార్ట్‌స్టాప్ అలెక్స్ గొంజాలెజ్ చేజార్చడం, డెరెక్ లీ డబుల్‌తో స్కోరు సమం కావడం వరుసగా జరిగాయి. లీ హిట్ తరువాతనే ప్రయర్‌ను మార్చారు. అప్పటికి ఇతడు 119 బంతులు విసిరాడు. మరునాటి ఏడవ ఆటలోనూ కబ్స్ ఓడి, వరల్డ్ సిరీస్ అవకాశం కోల్పోయింది.

ఓటమికి ఒక ప్రేక్షకుడిని బాధ్యుడిగా చేసి షికాగో అభిమానులు చాలాకాలం దూషించారు. అయితే అలసిన పిచర్‌ను మార్చడంలో జరిగిన ఆలస్యం, ఫీల్డింగ్ లోపం ఆ ఫలితానికి మరింత దగ్గరి కారణాలు. ప్లేఆఫ్‌లతో కలిపి ప్రయర్ ఆ సంవత్సరం 234⅔ ఇన్నింగ్స్ ఆడాడు. ఆ సీజన్ మొదలయ్యే నాటికి మేజర్ లీగ్‌లో ఇతని అనుభవం ఒక సంవత్సరం కూడా లేదు.

గాయాలు

2004: సీజన్‌కు ముందు మడమ వెనుక ఉండే అకిలిస్ స్నాయువు వాచింది. మోచేతి నొప్పి కూడా ఇబ్బంది పెట్టింది. మొదటి రెండు నెలలు ఆటకు దూరమై, జూన్ 4న తిరిగివచ్చాడు. 6 విజయాలు, 4 పరాజయాలు, 4.02 ఈ.ఆర్.ఎ.తో సీజన్ ముగించాడు. అయితే సెప్టెంబరు 30న సిన్సినాటి రెడ్స్‌పై తొమ్మిది ఇన్నింగ్స్‌లలో 16 స్ట్రైకౌట్లు చేసి, తన పూర్వ సామర్థ్యం చెక్కుచెదరలేదని నిరూపించాడు. ఆ ఆటలో కబ్స్ అదనపు ఇన్నింగ్స్‌లలో ఓడిపోయింది.

2005: మే 27న కొలరాడో రాకీస్ ఆటగాడు బ్రాడ్ హాప్ బలంగా కొట్టిన బంతి నేరుగా వచ్చి ప్రయర్ కుడి మోచేతికి తగిలింది. దాని వేగం గంటకు 117 మైళ్ళుగా లెక్కకట్టారు. మోచేతి ఎముక చిట్లింది. సుమారు ఒక నెల తరువాత తిరిగివచ్చి, ఆ సీజన్‌లో 11 విజయాలు, 7 పరాజయాలు, 188 స్ట్రైకౌట్లు సాధించాడు. ఇతని చివరి చెప్పుకోదగ్గ సీజన్ ఇదే.

2006: భుజపు నొప్పితో సీజన్ ఆలస్యంగా మొదలైంది. జూన్‌లో తిరిగివచ్చినా బంతిలో మునుపటి వేగం, గురి కొరవడ్డాయి. తొమ్మిది ఆటలలో ఒకే విజయం, 6 పరాజయాలు, 7.21 ఈ.ఆర్.ఎ. నమోదయ్యాయి. ఆగస్టు 10న మిల్వాకీ బ్రూయర్స్‌తో ఆడిన ఆట మేజర్ లీగ్‌లో ఇతనికి చివరిది.

2007: ఏప్రిల్‌లో ప్రముఖ శస్త్రవైద్యుడు జేమ్స్ ఆండ్రూస్ ఇతని కుడి భుజానికి శస్త్రచికిత్స చేశాడు. కీలు గుంట అంచున ఉండే మృదులాస్థి వలయం, చేతిని తిప్పే కండరాల స్నాయువులు, కీలును చుట్టి ఉండే సంచి వంటి పొర ఈ మూడూ దెబ్బతిన్నట్లు తేలింది. ఆ సీజన్ మొత్తం ఆడలేదు. డిసెంబరులో కబ్స్ ఇతనిని వదులుకోగా, సొంత ఊరి జట్టు శాన్ డియేగో పాడ్రేస్ చేర్చుకున్నది.

2008: పాడ్రేస్ తరఫున ఒక్క ఆట కూడా ఆడకముందే కీలు ముందుభాగపు పొర చిరిగినట్లు తెలియడంతో జూన్‌లో భుజానికి రెండవ శస్త్రచికిత్స జరిగింది. 2009 ఆగస్టులో పాడ్రేస్ కూడా ఇతనిని విడుదల చేసింది.

పిచర్లకు మోచేతి గాయం కన్నా భుజపు గాయం ప్రమాదకరమైనదిగా భావిస్తారు. మోచేతిలో తెగిన స్నాయుబంధానికి బదులు శరీరంలోని మరొక చోటి స్నాయువును అమర్చే శస్త్రచికిత్సను 1974లో ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు టామీ జాన్ అనే పిచర్‌కు తొలిసారిగా చేశాడు. ఆ తరువాత ఎందరో పిచర్లు దాని సాయంతో తిరిగివచ్చారు. కెర్రీ వుడ్ సైతం 1999లో అదే చికిత్స పొందినవాడే. భుజపు కీలు పొరకు అటువంటి నమ్మకమైన చికిత్స లేదు. పొరను మరీ బిగుతుగా కుడితే చేయి పూర్తిగా వెనక్కు తిరగదు. వదులుగా ఉంటే కీలు స్థిరంగా ఉండదు. ఇదే పొరకు 2010లో శస్త్రచికిత్స చేయించుకున్న జోహాన్ సాంటానా 2012లో తిరిగివచ్చి నో-హిట్టర్ సాధించినా, 2013లో ఆ పొర మళ్ళీ చిరిగిపోయింది.

పునరాగమన ప్రయత్నాలు

2010లో ప్రయర్ మేజర్ లీగ్ వ్యవస్థకు వెలుపల ఉన్న గోల్డెన్ బేస్‌బాల్ లీగ్‌లో ఆరెంజ్ కౌంటీ ఫ్లయ్యర్స్ అనే చిన్న జట్టులో చేరాడు. ఒకప్పుడు కోటి డాలర్ల ఒప్పందం పొందిన ఆటగాడు తన చేయి ఇంకా పనిచేస్తుందని నిరూపించుకోవడానికి ఆ స్థాయికి వెళ్ళవలసి వచ్చింది. అక్కడి ప్రదర్శన చూసి టెక్సాస్ రేంజర్స్ అదే ఏడాది అవకాశమిచ్చింది. 2011లో న్యూయార్క్ యాంకీస్, 2012లో బోస్టన్ రెడ్ సాక్స్, 2013లో సిన్సినాటి రెడ్స్ జట్ల మైనర్ లీగ్ విభాగాలలో ఆడాడు. అప్పటికి ఆటను ఆరంభించే పిచర్‌గా కాక, ఒకటి రెండు ఇన్నింగ్స్ విసిరే సహాయక పిచర్‌గా మారాడు. బ్యాటర్లను స్ట్రైకౌట్ చేసే నేర్పు మిగిలే ఉన్నప్పటికీ, ప్రతిసారీ ఏదో ఒక కొత్త గాయం అడ్డుతగిలింది. 2013 జూన్‌లో రెడ్స్ విడుదల చేయగా, ఆ డిసెంబరులో 33 ఏళ్ళ వయసులో ఆట నుండి విరమించుకున్నాడు.

కారణాలపై చర్చ

ప్రయర్ పతనానికి ప్రధానంగా మూడు కారణాలు చెబుతారు.

అతిశ్రమ: 2003 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో విసిరిన బంతుల సంఖ్యను విమర్శకులు తరచుగా ఉదహరిస్తారు. ఈ నింద ఎక్కువగా మేనేజర్ డస్టీ బేకర్‌పై పడింది. అయితే విభాగ విజేత ఎవరో తేలని పరిస్థితిలో జట్టులోని మేటి పిచర్‌ను ఎక్కువసేపు ఆడించడం ఆ రోజులలో అసాధారణం కాదు.

విసిరే తీరు: ఒకప్పుడు ఆదర్శమని కొనియాడిన తీరునే గాయాల తరువాత కొందరు తప్పుపట్టారు. బంతి విసిరే ముందు మోచేతులు రెండూ భుజాల కన్నా పైకి లేవడం వలన చేయి ఆలస్యంగా ముందుకు వచ్చి, భుజంపై భారం పెరిగిందని వీరి వాదన. అదే పద్ధతిలో విసిరి దీర్ఘకాలం ఆడిన పిచర్లు కూడా ఉన్నందున ఈ వాదనపై ఏకాభిప్రాయం లేదు.

దురదృష్టం: 2003లో గైల్స్‌ను ఢీకొని భుజంపై పడడం, 2005లో మోచేతికి బంతి తగలడం శ్రమతో గానీ, విసిరే తీరుతో గానీ సంబంధం లేని సంఘటనలు.

ఈ మూడింటిలో ఏది ఎంతవరకు కారణమో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. ప్రయర్ మాత్రం తన గాయాలకు బేకర్‌ను నిందించలేదు. ఆట కొనసాగించాలని తానూ కోరుకున్నానని పలు సందర్భాలలో తెలియజేశాడు.

ప్రభావం

ప్రయర్, వుడ్‌ల ఉదంతం తరువాత యువ పిచర్ల శ్రమను పరిమితం చేయాలన్న వాదన బలపడింది. 2012లో వాషింగ్టన్ నేషనల్స్ జట్టు స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ను 159⅓ ఇన్నింగ్స్ తరువాత సెప్టెంబరులోనే ఆపివేసి, అతడు లేకుండానే ప్లేఆఫ్‌లు ఆడి ఓడింది. అంత జాగ్రత్త తీసుకున్నప్పటికీ స్ట్రాస్‌బర్గ్ క్రీడాజీవితం కూడా చివరకు గాయాలతోనే ముగిసింది. 2024లో అతడు విరమించుకున్నాడు. ఈలోగా మేజర్ లీగ్‌లో ఒక పిచర్ ఒకే ఆటలో 120 బంతులు దాటడం చాలా అరుదైపోయింది. అయినా గాయాలు తగ్గలేదు. గరిష్ఠ వేగం, గరిష్ఠ భ్రమణం కోసం ప్రతి బంతినీ పూర్తి బలంతో విసరడం ఇందుకు ముఖ్య కారణమని మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024 డిసెంబరులో వెలువరించిన నివేదిక పేర్కొన్నది. బంతులు లెక్కించినంత మాత్రాన సమస్య తీరదని దీనివలన తెలుస్తున్నది.

శిక్షకుడిగా

విరమణ అనంతరం ప్రయర్ శాన్ డియేగో పాడ్రేస్ కార్యాలయంలో చేరి, తరువాత ఆ జట్టు మైనర్ లీగ్ పిచర్ల శిక్షణను పర్యవేక్షించాడు. 2018లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు బుల్‌పెన్ శిక్షకుడిగా, 2020లో ప్రధాన పిచింగ్ శిక్షకుడిగా నియమితుడయ్యాడు. ఆ ఏడాదే డాడ్జర్స్ టాంపా బే రేస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది. 2024లో అనేకమంది పిచర్లు గాయపడిన స్థితిలోనూ న్యూయార్క్ యాంకీస్‌పై, 2025లో టొరంటో బ్లూ జేస్‌పై విజయం సాధించింది. 2025 సిరీస్‌లో యోషినోబు యామమోటో ఆరవ ఆటను ఆరంభించి 96 బంతులు విసిరి, మరునాడే ఏడవ ఆటలో మరో 34 బంతులు విసిరి జట్టును గెలిపించాడు. ఒక పిచర్‌ను ఎప్పుడు ఆపాలి, ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్న 2003లో మౌండ్‌పై నిలిచిన ప్రయర్‌కు ఎదురైనట్లే, శిక్షకుడైన ప్రయర్ ముందు కూడా నిలిచింది.

గణాంకాలు

- 2002: 19 ఆటలు, 6 విజయాలు, 6 పరాజయాలు, 116⅔ ఇన్నింగ్స్, 147 స్ట్రైకౌట్లు, 3.32 ఈ.ఆర్.ఎ.
- 2003: 30 ఆటలు, 18 విజయాలు, 6 పరాజయాలు, 211⅓ ఇన్నింగ్స్, 245 స్ట్రైకౌట్లు, 2.43 ఈ.ఆర్.ఎ.
- 2004: 21 ఆటలు, 6 విజయాలు, 4 పరాజయాలు, 118⅔ ఇన్నింగ్స్, 139 స్ట్రైకౌట్లు, 4.02 ఈ.ఆర్.ఎ.
- 2005: 27 ఆటలు, 11 విజయాలు, 7 పరాజయాలు, 166⅔ ఇన్నింగ్స్, 188 స్ట్రైకౌట్లు, 3.67 ఈ.ఆర్.ఎ.
- 2006: 9 ఆటలు, 1 విజయం, 6 పరాజయాలు, 43⅔ ఇన్నింగ్స్, 38 స్ట్రైకౌట్లు, 7.21 ఈ.ఆర్.ఎ.
- మొత్తం: 106 ఆటలు, 42 విజయాలు, 29 పరాజయాలు, 657 ఇన్నింగ్స్, 757 స్ట్రైకౌట్లు, 3.51 ఈ.ఆర్.ఎ.